బోర్లించిన గ్లాసు

తాయారు పులుసులో ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయి కాదు, కావాలనే మానేసింది. కంచాలు పెట్టేముందు ఆ సంగతి ఆడపడుచు చెవిలో వేసి, "మీరు మాత్రం ఏమీ అనకండి వదినా, చూస్తూ ఉండండి" అంది.

ఆదివారం మధ్యాహ్నం. కొరమేను పులుసు. హైమ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మంచినీళ్ళ సాయంతో ఎలాగో మింగింది. పక్కనే ఆమె తమ్ముడు వీరభద్రం తలొంచుకుని ముద్ద మీద ముద్ద లాగిస్తున్నాడు.

"ఎలా ఉందండీ పులుసు?" అడిగింది తాయారు.

"బాగుంది."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

ఈ భద్రం ఎలాంటివాడో తెలిస్తే గానీ అతని ‘బాగుంది’ తాయారుని ఎందుకు బాధపెట్టిందో అర్థం కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తారింటి గుమ్మంలో కాలు పెడుతూనే ముక్కు ఎగబీల్చి, "మెంతులు మాడినట్టున్నాయండీ" అని అత్తగారి మొహం మీదే అనేసిన ఘనుడు. ఆవిడ ఏడాదిపాటు అల్లుడితో ముభావంగానే మాట్లాడింది. వంటకి వంక పెట్టకుండా అన్నం తిన్న రోజు అతని జీవితంలో లేదు. అలాంటి మనిషి ఉప్పులేని చేపల పులుసు తిని బాగుందన్నాడు!

భోజనాలయ్యాక పెరట్లో గిన్నెలు తోముతూ తాయారు గొంతు తగ్గించింది. "ఇవాళ ఒక్కరోజు కాదు వదినా. మొన్న చారులో వెయ్యలేదు, నిన్న పప్పులో వెయ్యలేదు. మీరు పెద్ద పెద్ద పరీక్షలు పెడతారు కదా, నాకు చేతనైన పరీక్ష నేను పెట్టాను. ఆయన తప్పారు. మీ మిషను ఏం చెబుతోంది ఆయన గురించి?"

హైమ మిషను భద్రానికి నూటికి తొంభై ఎనిమిది మార్కులు వేసింది. ఆ ఫ్యాక్టరీ మొత్తానికి అతనే మొదటివాడు.

*

ఆ మిషను పెద్దదేమీ కాదు. చెవి వెనక అతికించుకునే గోధుమరంగు బిళ్ళ, అంతే. కాగితాల మీద దాని పేరు ‘జాగృతి’. కార్మికులు మాత్రం ‘బొట్టు’ అంటారు. పసిపిల్లలకి దిష్టి చుక్క పెట్టే చోటే కదా ఇదీ పెట్టేది అని వాళ్ళ వేళాకోళం.

మనిషి మేలుకున్నంతసేపూ మెదడులో అలసట పేరుకుంటూ ఉంటుంది. హద్దు దాటగానే ‘ఇక చాలు, పడుకో’ అని ఒంటికి కబురు వెళుతుంది. డాక్టర్ గుత్తుల హైమవతి కాకినాడలోని తన ప్రయోగశాలలో పన్నెండేళ్ళు కూర్చుని ఆ కబురు దారిని పట్టుకుంది. బిళ్ళలోంచి వచ్చే సన్నటి విద్యుత్తు ఆ కబురుని ఆపుతుంది. అంతే కాదు, నిద్రలో జరగాల్సిన మరమ్మతును మెలకువలోనే సగం చేసేస్తుందని ఆమె నమ్మింది. నమ్మకం ఊరికే రాలేదు. ఊరి చివర సముద్రం పక్కన ఉన్న సస్యసిరి ఎరువుల ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూములో పనిచేసే నలభైమంది మీద ఆరు నెలలు పరీక్ష జరిపింది. తెర మీద ఎర్రచుక్క కనపడగానే మీట నొక్కాలి. రెండు గంటలకోసారి, షిఫ్టు ఏదైనా సరే. ఆరు నెలల తర్వాత చూస్తే నలభైమంది చేతులూ మొదటి రోజుకన్నా చురుకుగా ఉన్నాయి. రక్తపోటు బాగుంది. గుండె బాగుంది. ఇంటి దగ్గర పడుకునేది మాత్రం రోజుకి మూడు గంటలు.

ఇంకెవరైనా అయితే ఆ ఫలితం చూసి గంతులేసేవాళ్ళే. హైమ వెయ్యలేదు. ఇది బొట్టు మహిమా, లేక వీళ్ళు తెగతాగే టీ మహిమా అని అనుమానపడింది. భద్రత దృష్ట్యా బయటివాళ్ళు కంట్రోల్ రూములో కూర్చోవడానికి వీల్లేదు. అందుకని ముప్ఫై ఏళ్ళుగా అక్కడ టీ పోస్తున్న సత్తెమ్మకి నోటు పుస్తకాలిచ్చి, ఎవరు ఎప్పుడు తాగారో, ఎవరి గ్లాసు బోర్లించి ఉందో రాయమంది. టీ వద్దనుకున్నవాళ్ళు గ్లాసు బోర్లిస్తారని హైమకి ఎవరూ చెప్పలేదు. వచ్చిపోతూ చూసి తనే అనుకుంది. చివరికి లెక్క తీస్తే బోర్లించిన గ్లాసులు బోలెడు. టీ తగ్గినా చురుకు తగ్గలేదు కాబట్టి మహిమ బొట్టుదేనని వ్యాసంలో రాసింది. చప్పట్లు మోగాయి.

ఆ తర్వాత కథ కంపెనీ చేతిలోకి పోయింది. అలసటే లేనప్పుడు ప్యానెల్ ముందు ఇద్దరెందుకన్నారు. జోడీలు రద్దు చేసి, ఒక్కో ప్యానెల్‌కి ఒక్కణ్ణి కూర్చోబెట్టారు. ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండయింది. కొత్తరకం బొట్టు వచ్చింది. దాన్ని పీకితే ఆ క్షణమే ఆఫీసుకి తెలిసిపోతుంది, ఇంటి దగ్గర కూడా తియ్యకూడదు. అయిదు నెలలుగా భద్రం చెవి వెనక ఉన్నది అదే. వచ్చే శుక్రవారం కర్మాగారాల భద్రతా మండలి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళు సరేనంటే రాష్ట్రంలోని ప్రమాదకరమైన ఫ్యాక్టరీలన్నింటికీ ఇదే పద్ధతి.

*

మంగళవారం పొద్దున్న పదకొండింటికి భద్రం ప్యానెల్ మీద ఎర్రలైటు వెలిగింది. అమ్మోనియా ట్యాంకులో ఒత్తిడి పెరుగుతోందని దానర్థం. సైరన్ మోగింది. భద్రం కళ్ళు తెరిచే ఉన్నాయి. లైటు వైపే చూస్తున్నాడు. నాలుగు నిమిషాలు అలాగే చూశాడు. ఆఖరికి సేఫ్టీ వాల్వు తనంతట తనే తెరుచుకుని గండం గడిచింది. లేకపోతే కిందనున్న బెస్తపాలెం ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

హైమ పరుగెత్తుకుని వెళ్ళేసరికి జనరల్ మేనేజర్ చంద్రమౌళి తన గదిలో నింపాదిగా ఉన్నాడు.

"వాల్వులో లోపం మేడమ్. మార్పించేస్తున్నాం. మీ తమ్ముడు మెలకువగానే ఉన్నాడు, బొట్టు రికార్డు చూడండి. అరగంట ముందు పరీక్షలో తొంభై ఏడు. శుక్రవారం మండలి ముందు అతన్నే నిలబెట్టి శాలువా కప్పిస్తున్నాను."

"మెలకువగా ఉన్నవాడు సైరన్ వినలేదా?"

"విన్నాడేమో. వాల్వు పని వాల్వు చేస్తుందని ఊరుకున్నాడేమో." చంద్రమౌళి నవ్వాడు. ఆయన చెవి వెనక కూడా ఒక బొట్టు ఉంది. "నేను కూడా రెండు గంటలే పడుకుంటున్నాను మేడమ్. నాకేమైంది?"

ఏమైందో చెప్పడానికి హైమ దగ్గర ఆధారం లేదు. బల్ల మీద ఆయన అప్పుడే సంతకం పెట్టిన ఉత్తరాలు మూడు కనిపించాయి. మూడింటి మీదా పోయిన నెల తారీఖే ఉంది.

బయట వరండాలో భద్రం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని చూసింది. ఊరికే కూర్చున్న మనిషి నాడి నిమిషానికి నూట నాలుగు కొట్టుకుంటోంది.

"నీరసంగా ఉందారా?"

"లేదక్కా. అలసటే తెలీడం లేదు. బాగానే ఉన్నాను." అరచేతులు చూసుకుంటూ, "ఆ లైటు కనపడింది. కనపడితే ఏం చెయ్యాలో ఎంతకీ గుర్తు రాలేదు" అన్నాడు.

ఆ మాటతో హైమకి అర్థమైంది. చుక్క కనపడితే మీట నొక్కడం చేతికి అలవాటైపోయింది, అందుకే మార్కులు వస్తున్నాయి. కానీ ఎందుకు నొక్కాలో తెలిసిన మనిషి లోపల కరిగిపోతున్నాడు. ఆరు నెలల పరీక్షలో నలభైమందీ నిక్షేపంగా ఉన్నారు కదా? బొట్టులో విద్యుత్తు అదే, ప్యానెళ్ళు అవే, మనుషులూ వాళ్ళే. అయిదు నెలలకే ఇలా ఎందుకైనట్టు? ఇది తేల్చకుండా శుక్రవారం ఆ గదిలో అడుగు పెట్టేది లేదని ఆమె అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

*

క్యాంటీన్ వెనక సత్తెమ్మ పాలు కాస్తోంది. పక్కనే ట్రేలో గ్లాసులు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"రామ్మా డాక్టరమ్మా, కూర్చో. ఏటి మొహం అలా పీక్కుపోయింది? టీ పోయమంటావా?"

"పొయ్యండి. సత్తెమ్మగారూ, వీళ్ళిప్పుడు టీ బాగా తాగుతున్నారా?"

"తాగుతన్నారమ్మా, పోసినంతా తాగుతన్నారు. ఏం తాగుతన్నారో వాళ్ళకే తెలీదు. మొన్న పంచదార మర్చిపోయేను, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు." సత్తెమ్మ గరిటె పక్కన పెట్టింది. "గ్లాసు బోర్లించినోడు మాత్రం లేడు. జోడీలు తీసేసేక ఎవడు బోర్లిస్తాడు?"

హైమ టీ గ్లాసు కింద పెట్టేసింది. "జోడీకీ గ్లాసుకీ సంబంధం ఏమిటి? బోర్లిస్తే టీ వద్దని కదా?"

సత్తెమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఓసి నా తల్లే! టీ వద్దంటే నోటితో వద్దంటారమ్మా, గ్లాసెందుకు బోర్లిస్తారు? బోర్లించేడంటే ఆడు కునుకులో ఉన్నాడని. నీకు తెలిసే రాయమన్నావనుకున్నాను!"

అప్పుడు చెప్పింది. ఆ ఫ్యాక్టరీ పెట్టిన నాటినుంచీ ఉన్న ఆనవాయితీ అది. ఒకడు గ్లాసు బోర్లించి ‘చూపు నీది’ అంటాడు. జోడీవాడు ‘నాదే, పడుకో’ అంటాడు. ఇరవై నిమిషాలు, అరగంట. ఈలోగా రెండోవాడు ప్రాణం పోయినా కుర్చీ కదలడు. తర్వాత వీడి వంతు. ఆ మాట ఇచ్చి తప్పినవాణ్ణి సత్తెమ్మ ముప్ఫై ఏళ్ళలో చూడలేదు. డ్యూటీలో నిద్రపోతే ఉద్యోగం ఊడుతుందని గోడమీద రాసి ఉంది కాబట్టి పై వాళ్ళకి చెప్పరు.

"మరి నా పరీక్ష జరిగినప్పుడు? చెవికి బొట్టు ఉండగా నిద్రెలా పట్టింది?"

"పీకేసేవోళ్ళమ్మా. పీకి గ్లాసు అడుక్కి అంటించి, బోర్లించి పడుకునేవోళ్ళు. అప్పటి బొట్టు పీకితే ఎవరికీ తెలిసేది కాదు కదా. లేచేక మళ్ళీ అంటించుకునేవోళ్ళు." సత్తెమ్మ గొంతు తగ్గించింది. "మీ తమ్ముడే సెప్పేడు అందరికీ. ‘ఒరేయ్, ఇది మా అక్క పరీక్షరా, మనం సోలిపోతే మా అక్క ఫెయిలైపోద్ది, పరీక్షకి ముందు అందరూ ఓ కునుకు తీసి కూర్చోండి’ అని. అందరూ అలాగే సేసేరు. భద్రం అక్కంటే మాకూ అక్కే కదా అని. నువ్వు పాసయ్యేవని తెలిసిన రోజు కంట్రోల్ రూములో లడ్డూలు పంచుకున్నారు తల్లీ!"

హైమకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పరీక్ష తన బొట్టుకి కాదు, తనకే అనుకున్నారు వాళ్ళు! ప్రేమకొద్దీ పాస్ చేయించారు.

ప్రయోగశాలకి వెళ్ళి తలుపు వేసుకుని, ఆరు నోటు పుస్తకాలూ ముందేసుకుంది. సత్తెమ్మ గుండ్రటి అక్షరాలు. పేరు, టైము, ‘బోర్లా’. మీట నొక్కిన టైములు పక్కన పెట్టి చూసింది. పదింట తొమ్మిది బోర్లాలు పరీక్షకి ముందు అరగంటలోనే ఉన్నాయి. కళ్ళముందున్న నిద్రని టీ అనుకుని అచ్చు వేయించుకుంది తను. బొట్టు చేసిన మరమ్మతు ఏమీ లేదు. ఎర్రలైటు బల్బు పీకేసి మంట ఆరిపోయిందని చెప్పినట్టుంది తన పన్నెండేళ్ళ పని. సాయంత్రం దాకా ఆ గదిలోంచి బయటికి రాలేదు. వచ్చాక మాత్రం ఇక వెనక్కి చూడలేదు.

*

"నీకేమైనా మతిపోయిందా అక్కా?" అన్నాడు భద్రం. మర్నాడు సాయంత్రం ఇంటి మెట్లమీద కూర్చుని ఉన్నారు ముగ్గురూ. "ఆ పుస్తకాలు మండలికి చూపిస్తే నలభైమంది ఉద్యోగాలు హుళక్కి. అందరికన్నా ముందు నా జోడీ త్రిమూర్తులన్న ఉద్యోగం. ఆయనకి రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలు. నీ పేరూ గంగలో కలుస్తుంది."

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. చూపించకపోతే ఏమవుతుందో మంగళవారం చూశావుగా."

"వాల్వు తెరుచుకుంది కదా."

"ఈసారి తెరుచుకుంది."

"నేను బాగానే ఉన్నాను!" అని అరిచాడు భద్రం. అరుస్తూనే చేతిలోని మంచినీళ్ళ గ్లాసుని గాల్లో వదిలేశాడు, అక్కడేదో బల్ల ఉందన్నట్టు. అది మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. అతను దానివైపు కూడా చూడలేదు.

తాయారు లేచి గ్లాసు తెచ్చింది. "ఆరు రోజుల్నుంచీ మీరు ఉప్పులేని కూడు తింటున్నారండీ," అంది మెల్లగా. "నేను కావాలనే వెయ్యడం లేదు. మీకు తెలీడం లేదు."

భద్రం భార్య వైపు చాలాసేపు చూశాడు. కోపం తెచ్చుకోబోయాడు, అదీ రాలేదు.

"ఇప్పుడిది పీకేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు చెవి తడుముకుంటూ.

"ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారి మీద పడుతుంది. ఎక్కడుంటే అక్కడ పడిపోతావు. పక్కన మనిషి లేకుండా మాత్రం పీకకు," అంది హైమ. "ఒరేయ్ భద్రం, నిన్ను సాక్ష్యం చెప్పమని అడగను. ఎవరి పేరూ బయటపెట్టను. పుస్తకాల్లో పేర్లున్న వరస చింపేసి తీసుకెళతాను. తప్పు నాది, నేనే చెబుతాను. నువ్వు నన్ను పాస్ చేయించింది చాలు, ఈసారి ఫెయిలవ్వనీ."

*

శుక్రవారం పదకొండింటికి సస్యసిరి సమావేశ మందిరం కళకళలాడింది. మండలి అధ్యక్షురాలు వకుళగారు, మరో ఇద్దరు సభ్యులు మధ్యన కూర్చున్నారు. వెనక వరసల్లో డ్యూటీలో లేని ఆపరేటర్లందరూ ఇస్త్రీ చొక్కాలతో. ముందు కుర్చీలో భద్రం, మెడలో పూలదండ. సత్తెమ్మ అందరికీ టీ గ్లాసులు పెట్టుకుంటూ వస్తోంది.

హైమ లేచి నిలబడి, దణ్ణం పెట్టి, సూటిగా చెప్పేసింది. "నా పరీక్ష తప్పు. ఈ బిళ్ళ అలసట పోగొట్టదు, తెలియకుండా చేస్తుంది. అప్పుడు వీళ్ళని కాపాడింది నా బిళ్ళ కాదు, వీళ్ళు దొంగచాటుగా తీసిన నిద్ర. జోడీ తీసేసి ఆ నిద్ర కూడా లాగేసుకున్నాం. దీన్ని ఇవాళే ఆపాలి."

గదిలో కలకలం రేగింది. చంద్రమౌళి ఎర్రబడ్డ మొహంతో లేచాడు. "నా మనుషులు డ్యూటీలో నిద్రపోయారంటారా? ఎవరు? పేర్లు చెప్పండి."

"చెప్పను."

"పుస్తకాల్లో సగం కాగితమే ఉంది మేడమ్," అన్నారు వకుళగారు, హైమ ముందుంచిన పేజీలు తిప్పుతూ. "పేర్లు లేకుండా ఇది సాక్ష్యం ఎలా అవుతుంది?"

"పేర్లుంటే వీళ్ళ ఉద్యోగాలు పోతాయండీ. నా తప్పుకి శిక్ష వాళ్ళకి పడకూడదు."

"మండలివారు క్షమించాలి," అన్నాడు చంద్రమౌళి. "డాక్టరుగారు పని ఒత్తిడిలో ఉన్నట్టున్నారు. ఇదిగో, ఆవిడ సొంత తమ్ముడే ఉన్నాడు. మా ఫ్యాక్టరీలో మొదటి మార్కు ఇతనిది. ఇతన్నే అడగండి."

వకుళగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏమయ్యా, డ్యూటీలో ఎప్పుడైనా నిద్రపోయారా మీరు?"

భద్రం లేచి నిలబడ్డాడు. వెనక వరసలో త్రిమూర్తులు తల దించుకున్నాడు. హైమ తమ్ముడివైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. భద్రం దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. ముందున్న టీ ఒక్క గుటకలో తాగేశాడు. తర్వాత చెయ్యి చెవి వెనక్కి పోనిచ్చి బొట్టు పీకాడు.

చంద్రమౌళి జేబులో ఫోను కీచుమని మోగడం మొదలుపెట్టింది. ఆయన కంగారుగా దాని నోరు నొక్కాడు.

భద్రం బొట్టుని ఖాళీ గ్లాసు అడుక్కి అంటించాడు. గ్లాసుని బల్లమీద బోర్లించాడు. కుర్చీలో కూలబడుతూ అక్కవైపు తిరిగాడు.

"అక్కా, చూపు నీది."

హైమ కుర్చీ జరిపి అతని దగ్గరికి వెళ్ళింది. "నాదేరా. పడుకో."

అతని తల బల్లమీదికి వాలింది. గట్టిగా పది లెక్కపెట్టేలోపు ఒళ్ళు తెలియని నిద్రలోకి జారిపోయాడు. హైమ పక్కన మోకాళ్ళమీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. నూట పది. నూట పన్నెండు. గుండె ఇంకెంత పరుగెడుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. నాడి మీది వేలు తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"లేపండి అతన్ని," అన్నాడొక సభ్యుడు.

"లేపకండి," అంది హైమ. తల ఎత్తలేదు. "అయిదు నెలలైంది సరిగా పడుకుని. దయచేసి ఎవరూ లేపకండి."

ఆ మాట తర్వాత ఆ గదిలో ఎవరూ గొంతెత్తలేదు. ఎవరో వెళ్ళి ఫ్యాను వేగం పెంచారు. సత్తెమ్మ కిటికీ తెర లాగింది. త్రిమూర్తులు పిల్లిలా అడుగులు వేసుకుంటూ వచ్చి వకుళగారి పక్కన వంగాడు. "అమ్మా, పేర్లు లేవన్నారు కదండి," అని గుసగుసలాడాడు. "కొప్పిశెట్టి త్రిమూర్తులు, రాసుకోండి. ఈడి జోడీని నేనేనండి. ఈడికన్నా నేనే ఎక్కువ బోర్లించేను." ఆయన వెనక ఇంకొకడు వచ్చాడు. తర్వాత ఇంకొకడు. వరస కట్టి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఒక్కొక్కళ్ళే వచ్చి ఆవిడ చెవిలో పేర్లు చెప్పి వెళ్ళారు. భద్రం నిద్ర చెడుతుందని తప్ప ఇంకే భయమూ వాళ్ళ మొహాల్లో లేదు.

చంద్రమౌళి కూడా గుసగుసగానే అన్నాడు. "మేడమ్, ఇది క్రమశిక్షణ విషయం..."

"ఇతను నిద్రపోవడం మీరూ చూశారు, నేనూ చూశాను. మనం లేపలేదు," అన్నారు వకుళగారు, అంతే మెల్లగా. "చర్య తీసుకోవాలంటే మన దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. ముందు మీ చెవి వెనకది తియ్యండి చంద్రమౌళిగారూ. కూర్చుని తియ్యండి."

గంటన్నరకి నాడి తొంభైకి దిగింది. నాలుగింటికి డెబ్భై ఆరు. అప్పుడు గానీ హైమ వేలు తియ్యలేదు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే సత్తెమ్మ రెక్క పట్టుకుని లేపింది.

*

బొట్టుని ఆ రోజే ఆపారు. జోడీలు మళ్ళీ వచ్చాయి. కంట్రోల్ రూము పక్కన రెండు మంచాలున్న గది వెలిసింది. డ్యూటీలో అరగంట నిద్ర ఇప్పుడు గోడమీద రాసిన హక్కు. అయినా పడుకునేవాడు గ్లాసు బోర్లించి ‘చూపు నీది’ అనే వెళతాడు.

హైమ తన వ్యాసం తప్పని తనే ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంది. ప్రయోగశాలలో ఆమె గది తాళాలు ఇంకెవరికో ఇచ్చారు. పన్నెండేళ్ళ పని రెండు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చింది. పడుకుని కాసేపు ఏడ్చింది, లేచి మొహం కడుక్కుని కొత్త నోటు పుస్తకం తెరిచింది. ఈసారి కొలవాల్సింది నిద్ర లేకుండా మనిషి ఎంతసేపు ఉండగలడని కాదు, ఎంత పడుకుంటే మనిషి మనిషవుతాడని. మొదటి పేజీలో తమ్ముడి పేరు రాసింది.

భద్రం ఆసుపత్రిలో ఒకటిన్నర రోజు పడుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా రోజుకి పద్నాలుగు గంటలు. లేచినప్పుడు కళ్ళలో వెలుగు లేదు. చెప్పిందల్లా వినేవాడు, పెట్టిందల్లా తినేవాడు. పోయింది తిరిగొస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేమన్నారు. తాయారు రోజూ అతని కంచంలో మొదటి ముద్దకి సరిపడా ఉప్పులేని కూర వడ్డించేది. అతను బాగుందనేవాడు. ఆమె సరేనని ఉప్పేసిన కూర వడ్డించేది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. హైమ రోజూ మధ్యాహ్నానికి వచ్చి పుస్తకంలో ‘బాగుందన్నాడు’ అని రాసుకుని వెళ్ళేది.

పంతొమ్మిదో రోజు కొరమేను పులుసు. భద్రం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మొహం చిట్లించాడు.

"ఏంటే ఇది? చప్పగా ఏడ్చింది! మెంతులు కూడా మాడ్చినట్టున్నావు. పులుసులో ఉప్పు వెయ్యడం ఎవరైనా మర్చిపోతారా?"

తాయారు వంటింట్లోకి పరుగెత్తి ఉప్పు జాడీ తెచ్చింది. దాన్ని అతని ముందు పెట్టి, అక్కడే నేలమీద చతికిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఉప్పు లేదంటే ఇంత ఏడుపెందుకే?" అన్నాడు భద్రం అయోమయంగా. "అక్కా, నువ్వు కూడా ఏంటి?"

హైమ కళ్ళు తుడుచుకుని పుస్తకం మూసేసింది. "తిట్టరా," అంది. "ఇంకా తిట్టు."